క్యూ ఒకటి, గడువు ఇంకొకటి: పీఆర్ కోసం ఆగేవాళ్ల వీసా లెక్కలు

"మావోడు ఆస్ట్రేలియాలో పీఆర్‌కి వేసిండాడు" అనే మాట బాగేపల్లిలోనో చింతామణిలోనో ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా వినబడుతుంది. ఎప్పుడు వేశాడు, ఎందాకా వచ్చింది అని అడిగితే మాత్రం ఇంట్లోవాళ్ల దగ్గర సరైన జవాబు ఉండదు. ఒక్కోసారి వేసినవాడి దగ్గరా ఉండదు. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, వేయడమంటే ఒక పని కాదు, నాలుగు పనులు. చదువూ అనుభవమూ అక్కడి కొలతకి సరిపోతాయని ఒక సంస్థ చేత తేల్పించుకోవడం మొదటిది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, మిగతా ఇంజినీర్లలో ఎక్కువమందికి ఇంజినీర్స్ ఆస్ట్రేలియా ఆ పని చేస్తాయి. రెండోది స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ జాబితాలో పేరు నమోదు చేసుకోవడం. దీన్నే అందరూ ఈఓఐ అంటారు. మూడోది ఆహ్వానం. నాలుగోది, ఆహ్వానం వచ్చిన 60 రోజుల్లోగా రుసుము కట్టి వేసే అసలు దరఖాస్తు.

మొదటి మూడింటి వల్ల ఆ దేశంలో ఒక్క పూట అదనంగా ఉండే హక్కు కూడా రాదు. ఈఓఐ జాబితాలో పేరు 2 ఏళ్లు ఉంటుంది, కానీ చేతిలోని వీసా రేపు అయిపోతుంటే ఆ పేరు ఆపలేదు. నాలుగో మెట్టు ఎక్కినవాడికే, అదీ ఆస్ట్రేలియాలో ఉండి వేసినవాడికే, నిర్ణయం వచ్చేదాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా వస్తుంది. తాత్కాలిక వీసా మీద ఉంటూ పీఆర్ కోసం చూస్తున్నవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వాళ్ల గోడ మీద రెండు క్యాలెండర్లు ఉంటాయి. క్యూ ఎప్పుడు కదులుతుందో చెప్పేది ఒకటి, చేతిలోని వీసా ఎప్పుడు ముగుస్తుందో చెప్పేది రెండోది. ఈ రెంటికీ సంబంధం లేదు.

ముందు క్యూ ఎంతో చూద్దాం. 2024-25 సంవత్సరానికి ఆస్ట్రేలియా ఇస్తామన్న శాశ్వత వీసాలు మొత్తం 1,85,000. అందులో నైపుణ్యం కింద 1,32,200. మనవాళ్లందరి నోట్లో నానే సబ్‌క్లాస్ 189, అంటే కంపెనీ గానీ రాష్ట్రం గానీ సిఫారసు చేయనక్కరలేని వీసా, వాటా 16,900 మాత్రమే. ఆ సంఖ్యలో భార్యాభర్తలు, పిల్లలు కూడా కలిసే ఉంటారు. కంపెనీల ద్వారా 44,000, రాష్ట్రాల సిఫారసు మీద 33,000, నగరాలకు దూరంగా ఉండే ప్రాంతాలకు మరో 33,000. 189 కోసమే కూర్చున్నవాడు ఈ నాలుగింటిలో సన్న సందులో నిలబడ్డాడన్నమాట.

ఆ సందులో మనవాళ్లు తక్కువేం లేరు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్లు ఆస్ట్రేలియా జనగణనలో 2016లో 34 వేల పైచిలుకు. 2021కి 59 వేలు దాటారు. ఆ లెక్క భాషను బట్టే గానీ రాష్ట్రాన్ని బట్టి కాదు. గుంటూరు తెలుగూ గుడిబండ తెలుగూ అక్కడ ఒకే గడిలో పడతాయి. బాగేపల్లి, చింతామణి, గుడిబండ ఉన్న కర్ణాటకలోని చిక్కబళ్లాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. మరుసటి ఏడాదే దేవనహళ్లి విమానాశ్రయం తెరిచారు. జిల్లా కేంద్రం నుంచి అక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. ఇక్కడి పిల్లల చేతిలో ఉండే ఇంజినీరింగ్ పట్టా చాలావరకు విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురం పక్కనే. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, పూర్వీకులు వదిలివచ్చిన ఆంధ్ర ఊరి పేరు. వలస ఈ నేలకి కొత్త సంగతి కాదు. వీసా సబ్‌క్లాస్‌లే కొత్త.

ఇప్పుడు పాయింట్లు. ఊహకి ఒక అమ్మాయిని తీసుకుందాం. చింతామణి, బీఈ, బెంగళూరులో 2 ఏళ్ల ఉద్యోగం, ఆపైన మెల్‌బోర్న్‌లో 2 ఏళ్ల మాస్టర్స్. వయసు 27, పెళ్లి కాలేదు. వయసుకి 30 పాయింట్లు. డిగ్రీకి 15. ఆస్ట్రేలియాలో చదివినందుకు 5. ఒంటరిగా ఉన్నందుకు 10. ఇప్పటికి 60. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 తెచ్చుకుంటే 10, 8 తెచ్చుకుంటే 20. ఆమె 8 తెచ్చుకుందనుకుంటే 80. బెంగళూరు ఉద్యోగానికి సున్నా. విదేశీ అనుభవం 3 ఏళ్లు నిండితేనే లెక్కలోకి వస్తుంది, 2 ఏళ్లకి అర పాయింటు కూడా రాదు.

కనీస అర్హత 65. చాలామంది ఏజెంట్లు ఈ అంకెను చూపించే డబ్బు కట్టించుకుంటారు. 65 అంటే గేటు దగ్గర నిలబడనిస్తారని మాత్రమే అర్థం. ఇటీవలి ఆహ్వానాల రౌండ్లలో నర్సులకు, టీచర్లకు తక్కువ పాయింట్లకే పిలుపు వస్తుంటే సాఫ్ట్‌వేర్ వాళ్లు 90 చేతబట్టుకుని కూడా కూర్చున్నారు.

మన అమ్మాయికి ఇంకో 5 పాయింట్లు అమ్మ ఇచ్చిన భాషలోనే ఉన్నాయి. నాటీ అనే సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్షలో తెలుగు ఒక భాష. రెండు సంభాషణలు వినిపిస్తారు. ఇంగ్లిష్‌లో వచ్చినదాన్ని తెలుగులోకి, తెలుగులో వచ్చినదాన్ని ఇంగ్లిష్‌లోకి నోటితో మార్చాలి. మొత్తం 90 మార్కులకు 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి 29 తగ్గకూడదు. ఇంటి భాషే కదా అని చదవకుండా వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా మన సరిహద్దు తాలూకాల పిల్లలకు, ఒక హెచ్చరిక. బడి అంతా కన్నడంలో నడిచింది కాబట్టి కచేరీ మాటలు కన్నడంలోనే నోటికొస్తాయి. పన్ను అనాల్సిన చోట తెరిగె అంటే మార్కు పోతుంది. బాగేపల్లి సంతలో ఎవరూ తప్పు పట్టరు గానీ పరీక్ష దిద్దేవాళ్లు పడతారు.

ఆ 5 కలిపితే 85. ఇక్కడ తాత్కాలిక వీసా రంగంలోకి వస్తుంది. మాస్టర్స్ అయ్యాక తీసుకునే సబ్‌క్లాస్ 485, గ్రాడ్యుయేట్ వీసా, మాస్టర్స్ చదివిన మామూలు విదేశీ విద్యార్థికి 2 ఏళ్లు ఇస్తారు. భారతీయులకు మాత్రం 3 ఏళ్లు. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందంలో ఆ మాట రాయించుకున్నారు. ఆ 3 ఏళ్లలో మొదటి ఏడాది సొంత రంగంలో పనిచేస్తే 5 పాయింట్లు, మూడేళ్లు నిండితే 10. అంటే 485ని ఎదురుచూసే గదిలా చూడటం పొరపాటు. అది పాయింట్లు సంపాదించే కాలం. అక్కడ క్యాబ్ నడుపుతూనో గోడౌన్‌లో పెట్టెలు సర్దుతూనో గడిపిన నెలలు ఇంటి అద్దెకి పనికొస్తాయి, క్యూకి పనికిరావు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఈ వీసా వృథా అయ్యేది అక్కడే.

వయసు మరోవైపు నుంచి కోస్తూ ఉంటుంది. 25 నుంచి 32 వరకు 30 పాయింట్లు, 33వ పుట్టినరోజున 25కి దిగుతుంది, 40కి 15, 45 నిండితే తలుపే మూస్తారు. 27లో 485 మొదలుపెట్టిన అమ్మాయికి దిగులు లేదు. అదే 31లో మొదలుపెట్టినవాడు 3 ఏళ్ల అనుభవంతో 10 సంపాదించేలోగా పుట్టినరోజు 5 పట్టుకుపోతుంది. నికరంగా మిగిలేది 5. పైగా 2024 జులై 1 నుంచి 485కే వయోపరిమితి 50 నుంచి 35కి తగ్గించారు. 34లో భూమి తాకట్టు పెట్టి మాస్టర్స్‌కి వెళ్లేవాడు చదువు ముగిసేసరికి 485 కూడా దొరక్క వెనక్కి రావచ్చు. విద్యార్థి వీసా రుసుము ఒక్కటే 2024 జులైలో 710 డాలర్ల నుంచి 1,600కి, 2025 జులైలో 2,000కి ఎక్కింది. మన డబ్బుల్లో లక్ష దాటిన మాట. తిరిగి రాని డబ్బు. ఖాతాలో చూపించాల్సిన జీవనవ్యయం 29,710 డాలర్లు వేరే, అంటే 16 లక్షల పైన.

పెళ్లి సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. "ముందు పెళ్లి చేసుకోని పోరా నాయనా" అని ఇంట్లో పోరు పెడతారు. లెక్క చూస్తే, ఒంటరివాడికి 10. పెళ్లాడిన అమ్మాయికి ఇంగ్లిష్ పరీక్షతో పాటు అక్కడి జాబితాలో ఉన్న వృత్తికి అర్హత పత్రం కూడా ఉంటే 10. ఐఈఎల్‌టీఎస్‌లో 6 మాత్రమే ఉంటే 5. ఏదీ లేకపోతే సున్నా. ఆహ్వానం నాటి పరిస్థితే లెక్క. ఆహ్వానం వచ్చి దరఖాస్తు పడ్డాక పెళ్లయితే పాయింట్లు చెక్కు చెదరవు, నిర్ణయం వెలువడేలోగా భార్యను అదే దరఖాస్తులో కలుపుకోవచ్చు. తాళి ఏ నెలలో కట్టాలో పంచాంగం ఒక్కటే చెప్పే రోజులు పోయాయి. అబద్ధం మాత్రం వద్దు: పెళ్లి చేసుకుని ఒంటరినని రాస్తే, ఆ ఒక్క అబద్ధంతో మొత్తం దరఖాస్తు కొట్టుకుపోతుంది.

సరే, 485 మీద ఏడాది పనితో మన అమ్మాయికి 90 వచ్చాయి. పిలుపూ వచ్చిందనుకుందాం. 60 రోజుల్లో దరఖాస్తు వేసింది. 2024-25లో 189 రుసుము 4,765 ఆస్ట్రేలియా డాలర్లు, రెండున్నర లక్షల పైమాట. అప్పుడు ఆమె ఖాతాలోకి బ్రిడ్జింగ్ వీసా ఏ వచ్చి పడుతుంది. ఇక్కడ ఆగి చదవాలి. ఆ వీసా మంజూరు కావడం వేరు, అమల్లోకి రావడం వేరు. చేతిలో ఉన్న అసలు వీసా ముగిసిన రోజునే అది నిద్ర లేస్తుంది. అప్పటిదాకా పాత వీసా షరతులే. ఉదాహరణకు విద్యార్థి వీసా ఆగస్టు దాకా ఉండగా ఫిబ్రవరిలో 189 వేసినవాడికి బ్రిడ్జింగ్ వీసా పత్రంలో పని మీద ఆంక్ష లేదని కనిపిస్తుంది. అది చూసి మర్నాడే రెండు షిఫ్టులు ఒప్పుకుంటే చిక్కే. కోర్సు నడుస్తున్నంతకాలం పక్షానికి 48 గంటల పరిమితి ఆగస్టు దాకా అతని మీద ఉంటుంది. ఏ రోజున ఏ వీసా అమల్లో ఉందో ప్రభుత్వం వారి వీవో వెబ్‌సైట్లో పాస్‌పోర్టు నంబరు కొడితే తెలుస్తుంది.

ఇంకో చిక్కు ప్రయాణం. బ్రిడ్జింగ్ వీసా ఏ అమల్లో ఉండగా దేశం దాటితే అది అక్కడితో రద్దు. దాని మీద తిరిగి రావడానికి దారి ఉండదు. ఊళ్లో అమ్మకి బాగాలేదని ఫోనొచ్చిన రాత్రే టికెట్ కొనేసి విమానం ఎక్కేవాళ్లు ఉంటారు. కొనే ముందు బ్రిడ్జింగ్ వీసా బీ తీసుకోవాలి, దేశంలో ఉండగానే. నిర్ణీత గడువులోగా వెళ్లి రావడానికి అది అనుమతి. పెద్దవాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఇల్లయితే, అసలు వీసా ముగిసి బ్రిడ్జింగ్ మొదలైన వారంలోనే బీ గురించి ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

దరఖాస్తు కొట్టేస్తే? నిర్ణయం తర్వాత బ్రిడ్జింగ్ వీసా మామూలుగా 35 రోజులకు ముగుస్తుంది. పునఃపరిశీలనకు వెళ్లాలంటే 28 రోజుల్లో వెళ్లాలి. 2024 అక్టోబరు 14 నుంచి ఆ పని చూస్తున్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్. దీనికితోడు వలస చట్టం 48వ సెక్షన్ ఒకటుంది. బ్రిడ్జింగ్ మీద ఉండగా ఒక దరఖాస్తు తిరస్కరణకు గురైతే, దేశంలోనే ఉండి వేరే వీసాలు చాలావాటికి వేసుకోనివ్వదు. కాబట్టి కాలం గడపడానికి ఏదో ఒకటి వేసి చూద్దామనే సలహా ఎవరిచ్చినా వాళ్లకు ఆ సెక్షన్ గురించి తెలుసా అని ఒక మాట అడగండి.

ఇక విజిటర్ వీసా. ఇండియాలో కూర్చుని 189 వేసినవాడికి బ్రిడ్జింగ్ వీసా రాదు. "ఈలోగా చుట్టపుచూపుగా వెళ్లి చూసి రావచ్చా?" అనేది న్యాయమైన ప్రశ్న. వెళ్లవచ్చు; పెండింగ్ దరఖాస్తు ఉంటే సబ్‌క్లాస్ 600 ఇవ్వకూడదనే నియమం లేదు. 189 మంజూరు కావడానికి మనిషి దేశం లోపల ఉన్నా బయట ఉన్నా ఫర్వాలేదు. అయితే ఈసారి గడువుకి తిరిగొచ్చేస్తాడని అధికారికి నమ్మకం కలగాలి. ఇక్కడ ఉద్యోగం, సెలవు పత్రం, ఇల్లు, పిల్లల బడి చూపించాలి; పీఆర్ వేసిన సంగతి దాచకూడదు. విజిటర్ వీసాపై పని చేయరాదు, చదువు 3 నెలలు మించరాదు. మంజూరు పత్రంలో 8503 అనే నాలుగంకెలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే అక్కడికి వెళ్లాక ఇంకో వీసాకి వేసుకునే వీలు మామూలుగా ఉండదు. 2024 జులై 1 నుంచి విజిటర్‌గా వెళ్లి అక్కడే విద్యార్థి వీసాకి మారడం ఎలాగూ కుదరదు. 485 మీద ఉన్నవాళ్లకూ అదే ఆంక్ష. ఒకప్పుడు గడువు దగ్గరపడగానే ఏదో డిప్లొమాలో చేరిపోయే దారి ఉండేది. దాన్ని మూసేశారు.

189 సందు ఇరుకైనప్పుడు పక్క దారులు మూడు. రాష్ట్రం సిఫారసు చేసే 190 అయితే అదనంగా 5 పాయింట్లు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా ప్రాంతాల్లో ఉంటానని ఒప్పుకునే 491 అయితే 15. మన అమ్మాయి 90 మొదటి దాంట్లో 95 అవుతుంది, రెండోదాంట్లో 105. 491 తాత్కాలిక వీసాయే, 5 ఏళ్లు. 3 ఏళ్లు షరతుల ప్రకారం ఉంటే 191 పేరుతో శాశ్వతం. చింతామణిలో పెరిగినవాళ్లకి చిన్న ఊరంటే భయమెందుకో నాకు అర్థం కాదు. మూడో దారి కంపెనీ పెట్టే 482. 2024 డిసెంబరు 7న దీన్ని మార్చి, అనుభవం 2 ఏళ్ల నుంచి ఏడాదికి తగ్గించారు. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఒక్కో విడతకు 180 రోజులు, మొత్తమ్మీద 365 రోజులు.

ఆ 180ని అమెరికాతో పోల్చండి. అక్కడ హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఉండేది 60 రోజులు. అమెరికా లెక్క చెప్పకుండా తెలుగువాళ్లకు ఈ కథ పూర్తి కాదు, ఎందుకంటే తాత్కాలిక వీసా మీద ఒక తరం జీవితమే గడిచిపోయింది అక్కడే. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏటా 1,40,000. అందులో ఉన్నత చదువులవాళ్లకిచ్చే ఈబీ-2 కోటా 28.6 శాతం, అంటే 40,040. ఒక దేశానికి 7 శాతం మించకూడదు: 2,803. ఇందులోనూ భార్యాపిల్లలు కలిసే ఉంటారు. మిగతా దేశాలు వాడుకోనివి కొన్ని వచ్చి కలుస్తాయి, అంతే. 2025 వేసవిలో భారతీయుల ఈబీ-2 క్యూ 2013 జనవరి 1 దగ్గర ఉంది. అంటే 12 ఏళ్ల కిందట వరుసలో నిలబడ్డవాళ్లను అప్పుడు పిలుస్తున్నారు.

హెచ్-1బీ గడువేమో 6 ఏళ్లు. 6 ఏళ్ల వీసాతో 12 ఏళ్లు ఎలా ఆగారు? 2000లో చేసిన ఒక చట్టం వల్ల. కంపెనీ వేసిన ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదం పొంది, దేశాల కోటా వల్లే కార్డు ఆగిందని తేలితే 3 ఏళ్లకొకసారి పొడిగిస్తారు. పైగా హెచ్-1బీ మీద ఉంటూ శాశ్వత నివాసం కోరుకోవడం తప్పు కాదని చట్టమే చెబుతుంది. విద్యార్థి వీసాకి, టూరిస్టు వీసాకి ఆ రక్షణ లేదు. అక్కడ స్థిరపడే ఉద్దేశం లేదని కాన్సులేట్ కిటికీ ముందు నమ్మించాల్సిన భారం మనదే. ఆస్ట్రేలియాలో దరఖాస్తు వేస్తే బ్రిడ్జింగ్ వచ్చినట్టు అమెరికాలో ఐ-140 వేస్తే ఏ వీసా రాదు. చివరి మెట్టు ఐ-485 దాకా వెళ్లినవాళ్లకే, పెండింగ్‌లో ఉండగా పని, ప్రయాణ అనుమతులు అడుక్కునే వీలుంది. అక్కడా అడ్వాన్స్ పరోల్ అనే ఆ ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. హెచ్-1బీ చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది.

పిల్లల లెక్క మరీ కష్టం. తండ్రి 2013 జనవరిలో వరుసలో చేరేనాటికి 9 ఏళ్ల పిల్లవాడికి 2025లో 21. 21 నిండితే హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 వీసా పోతుంది, తండ్రి వరుసలోంచీ చాలావరకు జారిపోతాడు. ఐ-140 ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు వయసులోంచి తీసేస్తారు, ఆ ఊరట సాధారణంగా నెలల్లోనే. రెండో తరగతి నుంచి అక్కడే చదివిన కుర్రాడు విదేశీ విద్యార్థిగా వీసా తీసుకోవాలి. దీనికితోడు 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటనతో, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. బాగేపల్లి కుర్రాళ్లు ఇప్పుడు ఆస్ట్రేలియా, కెనడా పేర్లు ఎక్కువగా ఎత్తుతున్నారంటే అందులో వింతేముంది?

కెనడా గురించి రెండు మాటలు చాలు. అక్కడ చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ గరిష్ఠంగా 3 ఏళ్లు, జీవితంలో ఒక్కసారే. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ జాబితాలో పేరున్నంత మాత్రాన పర్మిట్ పొడిగించరు. ఆహ్వానం వచ్చి పీఆర్ దరఖాస్తు అందిందన్న రసీదు చేతికొచ్చాకే బ్రిడ్జింగ్ వర్క్ పర్మిట్‌కి అర్హత. 2025 మార్చి 25 నుంచి ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు తీసేశారు.

ఏ దేశమైనా దరఖాస్తు గడువు మొదలయ్యాక ఊరి వైపు నుంచి కావాల్సిన కాగితాలు ఆలస్యం చేస్తాయి. ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డులో తండ్రి పేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది; ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలి. పాత జనన పత్రం కన్నడంలో ఉంటే అధీకృత అనువాదం కావాలి. పోలీసు క్లియరెన్సు మెల్‌బోర్న్‌లో కూర్చుని అడిగినా విచారణ మాత్రం బాగేపల్లి ఇంటికి రావచ్చు. వచ్చిన కానిస్టేబుల్‌తో "మావోడు ఇక్కడ లేడు" అని ఒక్క మాట చెప్పి పంపేస్తే ఫైలు నెలలు ఆగుతుంది. ఎందుకు వస్తారో, ఏం చెప్పాలో అమ్మానాన్నలకి ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆ పత్రమూ వైద్య పరీక్షా రెండూ మామూలుగా 12 నెలలే చెల్లుతాయి కాబట్టి మరీ తొందరపడినా నష్టమే.

ఆగిన ఏళ్లు ఒక లెక్కలో మాత్రం పనికొస్తాయి. ఆస్ట్రేలియా పౌరసత్వానికి 4 ఏళ్ల చట్టబద్ధ నివాసం కావాలి, అందులో చివరి 12 నెలలు పీఆర్‌గా. మొదటి మూడేళ్లు విద్యార్థి వీసా అయినా, 485 అయినా, బ్రిడ్జింగ్ అయినా చెల్లుతుంది. 4 ఏళ్లలో దేశం బయట గడిపింది 12 నెలలు, చివరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. ఆ పౌరసత్వం తీసుకున్న రోజున భారత పాస్‌పోర్టు పోతుంది, దాని బదులు ఓసీఐ కార్డు. ఓసీఐ ఉన్నవాడు బెంగళూరులో ఫ్లాటు కొనుక్కోవచ్చు. చింతామణి పక్కన నాన్న టమాటా వేసే పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. దాని పక్క ఎకరం అమ్మకానికి వస్తే మాత్రం కొనలేడు. సాగుభూమి కొనడానికి ఓసీఐకి అనుమతి లేదు.